ఊఁ కొట్టే రాయి

అడవిలో ఏడు తలల సర్పాన్ని మట్టి కరిపించిన యువరాజు కేయూరవర్మ, మూడు పగళ్ళు గుర్రం దిగకుండా ప్రయాణించి, నాలుగోనాడు పొద్దెక్కేవేళకు శుక్తిపురం కోట దక్షిణద్వారం ముందు వాలిన సంగతి చదువరులకు తెలిసినదే. తెలియనివారికి ఇప్పుడు తెలిసింది గనుక ముందుకు పోదాం.

శుక్తిపురం అంటే మాటలా మరి. సముద్రుడు తన ఇంటి ముత్యాలన్నీ ఆరబోసుకోవడానికి ఎంచుకున్న పెరడులా ఉంటుంది ఆ నగరం. ప్రాకారాలకు ముత్యపుచిప్పల తాపడం. ఉదయం సూర్యకిరణం వాటి మీద పడగానే కాలు జారి, మేడ మేడకూ తగిలి, చివరికి బజారులో తమలపాకుల బుట్టల మీద వచ్చి కూర్చుంటుంది. నగరం నడిబొడ్డున సభామైదానం. మైదానం నడుమ పడుకున్న ఏనుగంత నల్లరాయి. దాని పేరు ఊఁరాయి.

ఆ రాయికి ఒక మర్యాద ఉంది. ఎవరైనా సరే దాన్నెక్కి ఒక మాట చెప్పవచ్చు. విన్న జనమంతా ఒక్క గొంతుతో "ఊఁ" అంటే, రాయి కూడా గంటలా "ఊఁ" అని మోగుతుంది. మోగిందా, ఆ మాట శాసనం. బ్రహ్మ వచ్చినా కొట్టెయ్యలేడు. రాయెక్కినవాణ్ణి, పక్కనున్న నీళ్ళతొట్టిలో చిల్లుగిన్నె మునిగేదాకా ఎవరూ దించడానికి వీల్లేదు. తాతముత్తాతలు జనాన్ని నమ్మి పెట్టిన మర్యాద ఇది. కథలు వింటూ సగం నిద్రలో ఊఁ కొట్టే అలవాటు మనవాళ్ళకుందని ఆ పెద్దలకు తట్టినట్టు లేదు.

తట్టింది మాంత్రికుడు మధుకంఠుడికి. బుగ్గలో ఎప్పుడూ తేనెమైనపు ముద్ద పెట్టుకుని ఉండే ఆ మనిషి గొంతు వింటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఎవరూ లేవరు. పది రోజుల క్రితం రాయెక్కి, వెన్నెల గురించీ మల్లెల గురించీ కాసేపు మాట్లాడి, "ఇన్నేళ్ళు శ్రమపడిన మహారాజు కాస్త విశ్రాంతి తీసుకుంటే మంచిది కదా" అన్నాడు. అందులో తప్పేముందని జనం ఊఁ అన్నారు. రాయి మోగింది. ధర్మకేతు మహారాజు ఆవలించబోతూ చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే శిలైపోయాడు. ఇంకో రెండు ఊఁలు పడితే సింహాసనం మాంత్రికుడిది, శిల ఎప్పటికీ శిలే. తండ్రికి పట్టిన గతి విని పరుగెత్తుకొచ్చాడు కేయూరవర్మ.

వచ్చినవాడు తిన్నగా రాయెక్కాడు.

ఎక్కాక చూశాడు. ఏడు తలల పామును చూసి నవ్వినవాడికి, ఏడు వేల తలల జనాన్ని చూడగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అదృష్టమో దురదృష్టమో, ఆస్థానపండితుడు జటాకుండలశర్మ రాసి పంపిన ఉపన్యాసం దారి పొడుగునా బట్టీపట్టి ఉన్నాడు. కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

"శరచ్చంద్రచంద్రికాధవళకీర్తివిరాజితులును, సకలసద్గుణమణిగణాలంకృతులును, దిగంతవిశ్రాంతయశోవిభవులును..."

అది ఒకే వాక్యం. క్రియాపదం ఎక్కడో మూడో తాటాకు చివర ఉంది. జనం మొదట నోళ్ళు తెరిచారు, తరవాత ఆవలించారు, ఆ తరవాత పిల్లలకు పేలు చూడటం మొదలుపెట్టారు. యువరాజు ఊపిరికోసం ఒకచోట ఆగాడు. ముందు వరసలో ఓబులమ్మ అనే ముసలావిడ, ఇదే సందని, తన బాధ చెప్పుకుంది.

"బాబూ, మా ఇంట బియ్యం నిండుకున్నాయి."

యువరాజు ప్రాణం లేచొచ్చింది. జనంలోంచి ఒక మంచిమాట వినపడింది కదా అని చిరునవ్వు నవ్వాడు. "చాలా సంతోషం తల్లీ. మీ ఇంటే కాదు, శుక్తిపురంలో ప్రతి ఇంటా ఇలాగే నిండుకోవాలని మా ఆకాంక్ష."

ముందు వరసలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

ఏ ఇల్లాలూ బియ్యం అయిపోయాయి అనదు. లేవు అని అసలే అనదు. గిన్నె బోర్లించాల్సి వచ్చినా నిండుకున్నాయనే అంటుంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. కోటలో బియ్యం ఎన్నడూ నిండుకోలేదు గనుక ఆ మాట యువరాజు చెవిన ఎన్నడూ పడలేదు. పాపం, పుట్టుకతో వచ్చిన లోటు.

గిన్నె మునిగింది. క్రియాపదం రానేలేదు. మధుకంఠుడు రాయెక్కి, తేనె ముద్దను కుడిబుగ్గ నుంచి ఎడమబుగ్గకు మార్చి, "పసివాడు అలసిపోయాడు, ఏమీ అనకండి. ఇకమీదట మంచిమాట చెప్పేవాడి మాటే భటులు వినాలి, అంతే కదా" అన్నాడు. జనం ఊఁ అన్నారు. రాయి మోగింది. మూడు వందల మంది భటులు ఒక్కసారిగా యువరాజు వైపు తిరిగారు.

ఇక చూడాలి పరుగు. కేయూరవర్మ రాయి మీంచి ఏనుగు మీదికీ, ఏనుగు మీంచి మిరియాల రాశి మీదికీ దూకాడు. వెనకొచ్చిన భటులు నలభై మంది అక్కడే తుమ్ముతూ ఉండిపోయారు. రంగులద్దేవాళ్ళ వీధిలో తాడు పట్టుకుని నీలిరంగు తొట్టి దాటాడు. తాడు తెగి పన్నెండు మంది నీలిభటులయ్యారు. మలుపు తిరిగేసరికి గాజులవీధి. అక్కడ ముందుకు దారి లేదు.

ఒక చెయ్యి అతణ్ణి అంగడిలోకి లాగింది. ఆ చెయ్యి గాజుల పేరిందేవిది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ గాజులు తొడిగే మనిషి. కారణాలేమీ అడగకుండా తన పాత చీర అతనికి చుట్టబెట్టి, గడ్డం దాకా ముసుగు లాగి, పీట మీద కూలేసింది. మీసం సంగతేమిటని అతడు గొడవపడబోయాడు. భటుల అడుగులు దగ్గరపడ్డాక మానేశాడు.

"గాజుల్లేని చెయ్యి చూస్తే ఎవడైనా పట్టేస్తాడు. చెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. కత్తి పట్టిన చెయ్యి, భయంతో బిగుసుకుని రోకలిబండలా ఉంది. మొదటి గాజు చిట్లింది. రెండోదీ చిట్లింది. భటులు పక్క అంగడి దాకా వచ్చేశారు. పేరిందేవికి మాత్రం తొందరేమీ ఉన్నట్టు లేదు. అతని వేళ్ళ కణుపులు మెల్లగా నొక్కుతూ, చిన్నప్పుడు వాళ్ళమ్మగారు ఏం చేసి పెట్టేవారని అడిగింది. ఇదేం ప్రశ్న, ఇదేం వేళ అనుకుంటూనే అతడు సున్నుండలన్నాడు. నెయ్యి ఎక్కువా తక్కువా అని అడిగింది. ఎక్కువే, చేతికంటేది, అమ్మ చూడకుండా గోడకు రాసేవాణ్ణి అన్నాడు. అంటూ అంటూ తనలో తను నవ్వుకున్నాడు. ఆ నవ్వులో మూడు గాజులు మణికట్టు దాటాయి.

భటుడు తొంగిచూసి, ఈ చెయ్యేమిటి ఇంత మొరటుగా ఉందని అడిగాడు.

"మా కొత్త కోడలు నాయనా, మూగది. రోకట్లో దంచిన చెయ్యి అలాగే ఉంటుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఎప్పుడన్నా చూశావా?"

భటుడు ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఇంకెవరైనా వింటారేమోనని గబగబా వెళ్ళిపోయాడు.

అంగట్లో ఇద్దరే మిగిలాక యువరాజు లేచాడు. "మీ మేలు మరిచిపోను. ఇక వెళ్తాను."

"వెళ్తాననకూడదు. వెళ్ళొస్తానను. ఇంత చదువుకున్నావు, ఎవరూ చెప్పలేదూ?" పేరిందేవి అతణ్ణి మళ్ళీ పీట మీద కూర్చోబెట్టింది. "ఎక్కడికి వెళ్తావు? ఆ రాయెక్కి మళ్ళీ సుత్తి పెట్టి కొట్టడానికా? మూడో ఊఁ ఇంకో మూడు రోజుల్లో పడుతుంది. నీ మాట ఎవరికీ ఎందుకెక్కలేదో తెలుసా?"

"సమాసాలు పెద్దవయ్యాయి."

"సమాసాలు కాదు బాబూ. గాజు చిన్నదైనా చెయ్యి బిగిస్తే ఎక్కదు. ఎదుటివాళ్ళ చెవీ అంతే. ముందు వాళ్ళ సంగతి వాళ్ళచేత చెప్పించు. చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది."

అప్పుడే బియ్యం నిండుకోవడమంటే ఏమిటో కూడా చెప్పింది. యువరాజు ముసుగు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఆ మూడు రోజులూ కేయూరవర్మ గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని అత్తగారి వెనక ఇంటింటికీ తిరిగాడు. మూగకోడలు కాబట్టి మాట్లాడే వీల్లేదు. వినాలి. రాజకుమారుల అరవై నాలుగు విద్యల్లో ఈ విద్య లేదు. మొదటిరోజు ఎవరేం చెప్పినా పరధ్యానంగా ఊఁ కొడుతూ పోయాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, ఒక ఇల్లాలు తన తమ్ముడికి నీ చెల్లెల్నిస్తావా అని అడిగితే దానికీ ఊఁ అన్నాడట. వాళ్ళు పసుపు కొమ్ములతో వచ్చేశారు. ఆ సంబంధం తప్పించడానికి పేరిందేవికి రెండు డజన్ల గాజులు ఖర్చయ్యాయి.

"ఊహూఁ అనడానికి నోరక్కర్లేదు కదా, అంటే ఏం పోయింది?" అని చీవాట్లు పెట్టింది. ఆ కోపంలోనే తన అమ్మమ్మ చెప్పిన మాట ఒకటి బయటపెట్టింది. ఊఁరాయి ఊహూఁ కూడా అనగలదట. అలా అన్ననాడు అరువు తెచ్చుకున్న గొంతు ఎవరిదీ నిలవదట. కాని ఆ ఊహూఁ విన్నవాళ్ళు ఎవరూ లేరు. అనకూడదని కాదు. అనేందుకు వీలుగా జనాన్ని అడిగినవాడు లేడు.

రెండోరోజు నుంచి అతడు చెవులతో విన్నాడు. ఎవరు మాట మధ్యలో ఎక్కడ ఆగుతారో, ఆగినప్పుడు కళ్ళెక్కడికి పోతాయో, ఎదుటివాడు ఊరికే కాచుకుని ఉంటే అసలు మాట ఎలా బయటికొస్తుందో చూశాడు. ఓబులమ్మ ఇంటికీ వెళ్ళాడు. ఆవిడ బోర్లించిన బియ్యపుకుండ మీద కూర్చుని గాజులు వేయించుకుంది. చెయ్యి మెత్తగానే ఉంది. ఆవిడ దగ్గర బిగించడానికి ఏమీ మిగల్లేదు.

నాలుగోరోజు ఉదయం మైదానం ఇసకేస్తే రాలనట్టుంది. మధుకంఠుడు శిలైన మహారాజును కూడా తెప్పించి రాయి పక్కనే నిలబెట్టించాడు. ఎత్తిన ఆ రాతిచేతికి తన ఉత్తరీయం తగిలించాడు. తండ్రి బట్టలు ఆరేసుకునే దండెమైపోవడం చూసి కేయూరవర్మ ముసుగులో పళ్ళు నూరాడు. పేరిందేవి అతని మోచెయ్యి నొక్కింది, బిగించకు అన్నట్టు.

మాంత్రికుడు అందుకున్నాడు. ఆహా, ఏం గొంతది. జుంటితేనె కొండ మీంచి తీగసాగుతూ దిగినట్టు, ఊయలలో పాపకు నిద్రపట్టే క్షణాన తల్లి పాట సన్నబడినట్టు. పాలసముద్రం అన్నాడు, పారిజాతం అన్నాడు, మధ్య మధ్య సరిగ్గా ఊఁ పట్టేంత ఖాళీ వదిలాడు. జనం కళ్ళు అరమూతలు పడ్డాయి. చివరి మాట అడిగే ముందు, మర్యాద ప్రకారం, ఇంకెవరైనా రాయెక్కుతారా అని అడిగాడు.

"మా కోడలు ఎక్కుతుంది," అంది పేరిందేవి.

"మీ కోడలు మూగది కదమ్మా?" అన్నారెవరో.

"అందుకే తొందరగా దిగుతుంది."

అందరూ నవ్వారు. మధుకంఠుడు కూడా నవ్వి, తొట్టిలో గిన్నె వెయ్యమన్నాడు.

కేయూరవర్మ రాయెక్కాడు. మళ్ళీ అవే ఏడు వేల తలలు. మళ్ళీ అదే అంగిలి, అదే నాలుక. ఈసారి అదనంగా చేతులు వణికి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు అరమూసిన కళ్ళు కొన్ని తెరుచుకున్నాయి. ఏడు వేల మందిని చూడటం మానేసి అతడు ఒక్కరికోసం వెతికాడు. మూడో వరసలో ఓబులమ్మ కనిపించింది. ముసుగు తీశాడు. ముసుగు కింద మీసం చూసి మైదానం ఒక్కసారి ఉలిక్కిపడింది.

"ఓబులమ్మవ్వా, మొన్న మీరు బియ్యం నిండుకున్నాయన్నారు. నేను సంతోషమన్నాను."

ఆగాడు. కాచుకున్నాడు.

"మా కోటలో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. ఈ మూడు రోజులూ మీ గుమ్మాల్లో కూర్చుని విన్నాను. ఇప్పుడు తెలిసింది. తప్పయింది."

ఓబులమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "పోన్లే నాయనా. మా ఆయనకి పెళ్ళయిన పదేళ్ళ దాకా తెలీదు."

మైదానం ఘొల్లుమంది. భర్తల్లో కొందరు మాత్రం నేలచూపులు చూశారు. ఆ నవ్వుకు పేలు చూసే చేతులు ఆగాయి, మెడలు నిటారుగా లేచాయి. చెయ్యి మెత్తబడిందని కేయూరవర్మకు అర్థమైంది. ఇక గాజు ఎక్కించాలి. గిన్నె అప్పటికే సగం మునిగింది.

"మధుకంఠులవారి మాట వినడానికి హాయిగా ఉంది కదూ?"

"ఊఁ," అన్నారు జనం. నిజమే మరి. రాయి అడుగున మోత మొదలైంది. మధుకంఠుడి ముఖం విప్పారింది. పేరిందేవి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఇందాకటి నుంచీ ఆయన చెప్పిందేమిటో మీలో ఎవరికైనా గుర్తుందా?"

మోత ఆగింది.

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక కుమ్మరి పాల గురించి ఏదో అన్నట్టు గుర్తన్నాడు. పాలు కాదు పూలని వాళ్ళావిడ అంది. గిన్నె అంచు ఇంకో వేలెడు మిగిలింది. మొన్నటి కేయూరవర్మ అయితే ఆ నిశ్శబ్దంలో గంపెడు సమాసాలు కుమ్మరించేవాడు. ఇవాళ నోరు మూసుకున్నాడు. పాము పడగ కింద నిలబడటం ఇంతకంటే సులువని అతనికి తోచింది. వేలెడు అరవేలయింది. గిన్నె ఒరిగింది.

ఓబులమ్మ నిదానంగా తల అడ్డంగా ఊపింది.

"ఊహూఁ."

పక్కావిడ ఊహూఁ అంది. కుమ్మరి ఊహూఁ అన్నాడు. నీలిభటులు పన్నెండు మందీ అన్నారు. వరస వెనక వరస, ఏడు వేల గొంతులు ఒక్కటయ్యాయి. తాతముత్తాతల నాటి నుంచీ ఒకే మాట నేర్చిన నల్లరాయి, కాళ్ళకింద భూమి జలదరించేలా రెండో మాట నేర్చుకుంది.

"ఊహూఁ."

మధుకంఠుడి బుగ్గలో తేనెముద్ద కరిగి, తేనెటీగలై నోటినుంచి ఎగిరిపోయింది. పట్టుకోండి వాణ్ణి అని అరవబోయాడు. వినపడింది ఎండు తాటిమట్ట నేల మీద ఈడ్చిన చప్పుడు. అదీ అతని సొంత గొంతు. భటులు ఇటూ అటూ చూశారు. మంచిమాట చెప్పేవాడి మాటే వినాలని శాసనం ఉంది కదా. బల్లాలు దించి కేయూరవర్మకు దండం పెట్టారు.

యువరాజు ఇక ఆలస్యం చెయ్యలేదు. ఊహూఁకి ఇంత బలం ఉంటే, బ్రహ్మ కొట్టెయ్యలేని మొదటి ఊఁని ఆ ఊఁ అన్న జనమే ఎందుకు వెనక్కి తిప్పలేరు? తండ్రి వైపు తిరిగి, "మహారాజు ఇంకా విశ్రాంతి తీసుకోవలసిందేనా" అని అడగబోయాడు. జనం నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు కూడా.

మాంత్రికుడికి గొంతు పోయింది కాని తెలివి పోలేదు. రాయికి దగ్గరలో మహారాజు ఉంటేనే కదా ఆ ఊహూఁ పనిచేసేది. చిటిక వేశాడు. తూర్పు దిక్కున ఏడు తేనెపట్టుల కొండ నుంచి లక్షల ఈగలు నల్లమబ్బులా దిగి, మాంత్రికుణ్ణీ శిలనూ కలిపి ఆకాశంలోకి లేపాయి. కేయూరవర్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రాయి మీంచి ఒక్క ఎగురు ఎగిరాడు. రెండో చెయ్యి తండ్రి రాతిపాదాన్ని అందుకుంది.

లేస్తున్నారు. కోట కిందికి పోయింది. ఆ చెయ్యి ఒక్కటే ఆధారం, అయినా బిగుసుకుపోలేదు. గాజులు మూడూ చెక్కుచెదరలేదు. కింద ఏడు వేల మొహాలు పైకెత్తి ఉన్నాయి, అందులో పేరిందేవిది తెల్లబోయి ఉంది. ఏదో ఒకటి చెప్పాలి. వెళ్తున్నాను అని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి,

"వెళ్ళొస్తాను," అని కేకేశాడు.

ఆలోచించడానికేముంది అందులో. ప్రతి గుమ్మంలోనూ రోజూ వినే మాటే. ఈసారి మాత్రం కళ్ళు బాగా తెరిచి, విని, తెలిసి, ఏడు వేల మందీ ఒక్కసారిగా అన్నారు.

"ఊఁ."

మబ్బుల దాకా వినపడేలా రాయి మోగింది.

రాతిపాదానికి వేలాడుతూనే కేయూరవర్మ నవ్వాడు. తాను తిరిగి రావడం ఇక శాసనం. బ్రహ్మ వచ్చినా కొట్టెయ్యలేడు. ఎలా రావాలన్నది మాత్రం శాసనంలో లేదు. ఎదురుగా ఏడు తేనెపట్టుల కొండ, ఏడు పట్టులూ ఒకేసారి కళ్ళు తెరుస్తూ, దగ్గరకొచ్చేస్తోంది.